జూట్ మిల్లులో మిషన్ వచ్చి పని పోతే: రీస్కిల్లింగ్ ఫండా, ఈఎస్ఐ భృతా?

నెల్లిమర్ల, రాజాం వైపు జూట్ కార్మికుడి రోజు కూలి 600 రూపాయలు అనుకుందాం.

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, కార్మికుణ్ని పనిలోంచి తీసేసిన (రిట్రెంచ్ చేసిన) యజమాని 15 రోజుల వేతనం రీస్కిల్లింగ్ ఫండ్‌కి, అంటే కొత్త పని నేర్చుకునే శిక్షణ నిధికి కట్టాలి. 45 రోజుల్లో అది కార్మికుడి ఖాతాలో పడాలి. లెక్కకి 9,000. పేరుకే శిక్షణ! ‘రాజీనామా’ కాగితం మీద సంతకం పెట్టించుకున్నారంటే తనే మానేసినట్టు లెక్క, ఇదీ పోయినట్టే.

ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) వారి నిరుద్యోగ భృతి పథకం అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజనలో సగటు రోజు సంపాదనలో సగం, గరిష్ఠంగా 90 రోజులు, అంటే 27,000 వరకు వస్తుంది. జీవితంలో ఒక్కసారే. రెండేళ్ల బీమా ఉండాలి, పని పోవడానికి ముందటి చందా కాలంలో (ఆరు నెలల విడతలో) 78 రోజులకు చందా కట్టి ఉండాలి. కాంట్రాక్టరు హాజరు తక్కువ చూపితే దెబ్బ ఇక్కడే. అందుకే పని ఉన్నప్పుడే చందా రోజులు సరిచూసుకోండి, ఆధార్, బ్యాంకు ఖాతా జతచేయించుకోండి.