ప్లానింగా, పబ్లిక్ అడ్మినిస్ట్రేషనా?

ఏటా ఫలితాలు రాగానే శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు నన్ను అడిగేది ఒకటే. "మాస్టారూ, పట్టణాల గురించి చదవాలి, పాఠం చెప్పాలి, ముందుముందు ఒక విభాగాన్ని నడపాలి. పట్టణ ప్రణాళిక (ప్లానింగ్) తీసుకోమంటారా, పబ్లిక్ అడ్మినిస్ట్రేషనా?"

పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌కు ఖర్చు తక్కువ, ఉన్న ఊళ్లోనే ఉండి దూరవిద్యలోనూ చదవచ్చు. అధికారం ఎవరి చేతిలో ఉంది, నిధులు ఎక్కడ ఆగుతాయి అన్నది బాగా తెలుస్తుంది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ, మునిసిపాలిటీలకు అప్పగించదగ్గ పనుల జాబితా అయిన పన్నెండో షెడ్యూలులో 18 అంశాలు చేర్చింది. వాటిలో మొదటిదే పట్టణ ప్రణాళిక. అయినా మాస్టర్ ప్లాన్ తయారీ చాలాచోట్ల మునిసిపాలిటీల చేతిలో కాక పట్టణాభివృద్ధి సంస్థల చేతిలో ఉంది. అలా ఎందుకైందో ఈ చదువే విప్పి చెబుతుంది. రేపు విభాగాధిపతి కుర్చీలో కూర్చున్నా అక్కరకొస్తుంది.

అయినా నాకు తేల్చే విషయం వేరు. అది నేలను చదవడం.

నిరుడు వానలు వెలిశాక ఇద్దరు విద్యార్థులను వెంటబెట్టుకుని విజయనగరం శివార్లలో ఒక గెడ్డ (వాగు) వెంట నడిచాను. చేతిలో ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పటాల పుస్తకం) నకలు. పటంలో గెడ్డ ఉన్నచోట ప్రహరీ గోడ లేచింది, దాని కింద సన్నటి తూము. "దీనికి అనుమతి ఎవరిచ్చారు?" అన్నాడు పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ అబ్బాయి. ప్లానింగ్ చదివే అమ్మాయి ఎదుటి ఇంటి గోడ మీద మోకాలెత్తున ఉన్న మట్టిచారను చూపించి, "తూము చాలక నీళ్లు ఈ వీధిలోకి మళ్లాయి" అంది. అబ్బాయి ప్రశ్న అవసరమైనదే, కానీ అలా అడగడం నలభై ఏళ్లకైనా నేర్చుకోవచ్చు. ఆ మట్టిచారను చూసే కన్ను మాత్రం చిన్న వయసులో పడాలి.

పట్టణ ప్రణాళికలో పేరున్న పాట్రిక్ గెడ్డిస్ మొదట జీవశాస్త్రవేత్త. 1914లో మన దేశానికి వచ్చి మద్రాసు ప్రెసిడెన్సీ పట్టణాల మీద నివేదికలు రాశాడు. పాత వీధులను కూల్చి రోడ్లు వేయడం కాదు, అవసరమైనంత మేరకే సరిచేయాలని పట్టుబట్టాడు. ఊళ్లు కాలినడకన తిరిగాకే, 1919లో, బొంబాయి విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్ర ఆచార్యుడయ్యాడు. నాకు ఆ వరసే నచ్చుతుంది.

అందుకే ముందు ప్లానింగ్ అంటాను. విజయవాడలో 2008 నుంచి స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. బి.ప్లాన్‌కు ఇంటర్‌లో లెక్కలు ఉండాలి. లేనివారు భూగోళశాస్త్రంలోనో ఆర్థికశాస్త్రంలోనో ఎం.ఏ. చేసి ఎం.ప్లాన్‌కు ప్రయత్నించవచ్చు. సివిల్ ఎం.టెక్. కట్టడాల మీద ఇష్టమున్నవారికి. న్యాయశాస్త్రం తోడు చదువుగా సరే.

మొన్న శ్రీకాకుళం నుంచి ఒక అమ్మాయి ఫోను చేసింది, ఎంపీసీ. నాగావళి వంతెన దగ్గర నుంచి వాళ్ల ఇంటిదాకా వాననీరు పారే దారి గీసి తెమ్మన్నాను. ఆదివారం తెస్తానంది.