మూడో తరగతిలో అసర్ చదివింపు కాగితం వాడి చూశా

జూన్ 12న బడి తెరవగానే మూడో తరగతి నా చేతికొచ్చింది, 22 మంది. ఎవరికి ఎంతవరకు చదవడం వచ్చో తెలియకుండా పాఠం ఎత్తుకోవడం నావల్ల కాదు. పోయినేడాది ఒక యాప్ పెట్టి చేతులు కాల్చుకున్నా (పేరెందుకులెండి), వరండాలో గోలకి మైకు పిల్లల గొంతు పట్టుకోలేదు, చివర్లో రంగురంగుల రిపోర్టు మాత్రం వచ్చింది. ఈసారి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళ అసర్ కాగితం తీశాను. వాళ్ళ వెబ్‌సైట్‌లో తెలుగుది ఉంది, ఉచితం. నాకైన ఖర్చల్లా జిరాక్సు, లామినేషను కలిపి 60 రూపాయలు.

2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి పిల్లలచేత చదివించే అసర్ అనే సర్వే కోసం చేసిన కాగితం ఇది. అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ, అంతే. మనకి అలవాటు కొద్దీ అక్షరాల దగ్గర మొదలుపెడతాం గానీ ముందు చదివించాల్సింది పేరా. అది మూడు తప్పుల్లోపు, మాటమాటకీ ఆగకుండా వాక్యంలా చదివితే కథకి వెళ్ళాలి, లేకపోతే మాటలకి దిగాలి. మాటలైనా అక్షరాలైనా ఐదింటిలో నాలుగు చెప్పగలిగితే ఆ మెట్టు వచ్చినట్టే. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు చాలు, కాకపోతే ఒక్కొక్కరినే పిలవాలి. మొదటిరోజు నేను బుద్ధితక్కువై క్లాసులోనే కూర్చోబెట్టి చదివిస్తే, నాలుగోవాడి వంతు వచ్చేసరికి వెనక బెంచీ మొత్తం కథ అప్పజెప్పేస్తోంది. మర్నాడు వేరే నమూనా పట్టుకుని వేపచెట్టు కిందికి పోయాం.

అసలు విషయం అక్కడే బయటపడింది. ఒక పిల్లాడున్నాడు, తెలుగు వాచకం ఇస్తే గడగడా చదివేస్తాడు, నిరుడు చెప్పిన టీచరు కూడా వీడికి ఢోకా లేదనే చెప్పారు. ఈ కాగితం చేతిలో పెడితే కాసేపు అటూ ఇటూ తిప్పి, "ఇది మన పుస్తకంలోది కాదు కదా టీచర్" అన్నాడు. వాడిది చదవడం కాదు, పాఠాలన్నీ నోటికొచ్చు. మాటలు కూడా చదవలేకపోయాడు, అక్షరాలు మాత్రం చెప్పాడు. ఈ ఒక్కడి కోసమైనా నా 60 రూపాయలు గిట్టుబాటయినట్టే.

లెక్క తేలింది ఇలా: కథ చదివినవాళ్ళు 5, పేరా దగ్గర ఆగినవాళ్ళు 4, మాటలు 6, అక్షరాలు 5, అక్షరాలూ రానివాళ్ళు 2. 2024 అసర్ నివేదికలో దేశం మొత్తం మీద పల్లెల్లోని ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగింది 23.4 శాతం. మాదీ ఇంచుమించు అంతేనని తెలిశాక కొంచెం ఊపిరి పీల్చుకున్నా, కాసేపటికి అందుకు సిగ్గు కూడా వేసింది.

ఇక లోటు సంగతి. తెలుగులో అక్షరానికీ మాటకీ మధ్య పెద్ద అగాధం ఉంది, అందులో గుణింతాలూ ఒత్తులూ ఉన్నాయి. ఈ కాగితం ఆ రెండు మెట్లకీ మధ్య ఏమీ పెట్టలేదు. ఒక పాప 'కాకి' అన్న మాట చూసి "క కి దీర్ఘమిస్తే కా, క కి గుడిస్తే కి" అని వేళ్ళు మడుస్తూ చెప్పుకుంది, ఆ రెండూ కలిపి మాట మాత్రం పలకలేకపోయింది. ఇంకొకడికి గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలీదు. కాగితం లెక్కలో ఇద్దరూ 'అక్షరాలు' కిందికే వస్తారు, కానీ ఆ ఇద్దరికీ చెప్పాల్సింది ఒకటి కాదు కదా! అందుకే నేనే ఒక తెల్లకాగితం మీద గుణింతపు మాటలు పది, ఒత్తుల మాటలు పది రాసి దీనికి జత చేశాను. మరోటి, చదివినదాని అర్థం తెలిసిందా అన్నది ఈ మెట్ల లెక్కలోకి రాదు. కథ చదివిన ఐదుగురినీ రెండు ప్రశ్నలడిగితే ఇద్దరు నోరెళ్ళబెట్టారు. యాస విషయంలోనూ మన బుర్రే వాడాలి. 'పళ్ళు' అని ఉన్నదాన్ని ఒకడు 'పండ్లు' అని చదివాడు, ఇంట్లో అలాగే అంటారు, నేనైతే తప్పు వెయ్యలేదు.

ఐదుకి నాలుగిస్తా. ఇంట్లో చేసుకునే అమ్మానాన్నలకి ఒక్క మాట, పిల్లాడు చదువుతుంటే మధ్యలో అందించకండి, ఎర్రపెన్ను ఆ చుట్టుపక్కలకి రానివ్వకండి. మా వాళ్ళలో సగం మంది లేచి వెళ్తూ "ఎన్ని మార్కులు టీచర్?" అనే అడిగారు. మాటల దగ్గర ఆగిన ఆరుగురినీ ఇప్పుడు రోజూ ప్రార్థన అయ్యాక అరగంట విడిగా కూర్చోబెడుతున్నా, దసరా సెలవులకి ముందు వేరే నమూనాతో మళ్ళీ చదివిస్తా.