బేస్‌మెంట్ గోడకు ఏది మేలు: ఫైబర్‌గ్లాసా, ఫోమ్ బోర్డా?

న్యూజెర్సీ, ఒహాయో, మిషిగన్ వంటి చలి రాష్ట్రాలలో ఇల్లు కొనుక్కుని, బేస్‌మెంట్‌ను హోమ్ థియేటర్‌గానో, ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల గదిగానో స్వయంగా మార్చుకోవాలనుకునే తెలుగువారు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. చలి లోపలికి రాకుండా, కాంక్రీటు గోడ ముందు చెక్క ఫ్రేము కట్టి స్టడ్‌ల (నిలువు చెక్కల) మధ్య దూదిలాంటి ఫైబర్‌గ్లాస్ (గాజునార) పెట్టాలా, లేక ముందుగా గోడకే గట్టి ఫోమ్ బోర్డు అతికించాలా?

ఫైబర్‌గ్లాస్ చవక, పని తేలిక. మూడున్నర అంగుళాల మందానికే ఆర్-13 వస్తుంది (ఆర్ అంకె ఎంత పెద్దదైతే వేడి దాటిపోకుండా అంత బాగా ఆపుతుంది). రెండు అంగుళాల ఎక్స్‌పీఎస్ (ఒక రకం పాలీస్టైరీన్) ఫోమ్ బోర్డు ఇచ్చేది ఆర్-10 మాత్రమే. లేబుల్ మీది అంకెను మాత్రమే చూస్తే ఫైబర్‌గ్లాస్‌దే పైచేయి.

అయితే ఇక్కడ తేల్చవలసింది చలి సంగతి కన్నా తేమ సంగతి అని నేను గట్టిగా నమ్ముతాను. మట్టిలో ఉన్న కాంక్రీటు గోడ నడివేసవిలో కూడా చల్లగానే ఉంటుంది. జూలై నెల ఉక్క గాలి లోపలికి చేరినప్పుడు ఫైబర్‌గ్లాస్ దానిని ఆపలేదు. ఆ గాలి దాని గుండా వెళ్ళి చల్లని కాంక్రీటును తాకగానే గోడ చెమర్చుతుంది. ఇదంతా డ్రైవాల్ (గదివైపు బిగించే జిప్సం పలక) వెనుక జరుగుతుంది కాబట్టి బూజు వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియదు. ముందువైపు ప్లాస్టిక్ షీటు కడితే సరిపోతుందని కొందరు చెబుతారు, కానీ మట్టి నుంచి కాంక్రీటు పీల్చుకునే చెమ్మ గదివైపు ఆరే దారిని ఆ షీటే మూసివేస్తుంది.

ఫోమ్ బోర్డును గోడకు ఆనించి అతికించి, అతుకులకు టేపు వేసి, అంచులను డబ్బా ఫోమ్‌తో మూసివేస్తే గదిలోని గాలి కాంక్రీటును చేరనే చేరదు. మామూలు జిగురులు కొన్ని ఫోమ్‌ను కరిగిస్తాయి కనుక ఫోమ్ కోసమే చేసిన జిగురును కొనాలి. ఫోమ్ మండుతుంది కనుక దానిని అరంగుళం డ్రైవాల్‌తో తప్పనిసరిగా కప్పాలి. ఫ్రేములో నేలను తాకే అడుగు చెక్క ప్రెషర్ ట్రీటెడ్‌దై (కుళ్ళకుండా మందు పట్టించినదై) ఉండాలి. ఐఆర్‌సీ (అమెరికాలో ఇళ్ళ నిర్మాణానికి నమూనా కోడ్) చలి ప్రాంతమైన 5వ వాతావరణ మండలంలో గోడ పొడవునా పరిచే ఇన్సులేషన్‌కు ఆర్-15 కోరుతుంది. అక్కడ రెండు అంగుళాల బోర్డు ఒక్కటే చాలదు. మందం పెంచవచ్చు, లేదా బోర్డు ముందు కట్టిన ఫ్రేములో కాగితం పొర లేని ఫైబర్‌గ్లాస్‌ను నింపవచ్చు; కాంక్రీటును అప్పటికే కప్పేశాం కనుక ఆ స్థానంలో దానితో భయం లేదు. పెర్మిట్ తీసుకునేటప్పుడే మీ ఊరి నిబంధన అడిగి తెలుసుకోండి.

స్ప్రే ఫోమ్ మంచిదే, కానీ ఖరీదెక్కువ, పైగా ఆ రసాయనాలతో పని శిక్షణ పొందినవారిదే. ఫోమ్ బోర్డులలోనే మరో రకమైన తెల్లని ఈపీఎస్ (థర్మకోల్ వంటిది) కాస్త చవక. అంగుళానికి సుమారు ఆర్-4 ఇస్తుంది.

వాన పడినప్పుడు గోడ నుంచి నీరు కారుతుంటే మాత్రం ఫైబర్‌గ్లాస్, ఫోమ్ బోర్డు రెండింటిలో ఏదీ పనికిరాదు. ముందు గట్టర్లను, ఇంటి చుట్టూ నేల వాలును సరిచేయాలి. తరువాత గోడకు ప్లాస్టిక్ ముక్కను నాలుగువైపులా టేపుతో అంటించి, మరునాడు దాని వెనుక చెమ్మ చేరిందేమో చూడాలి.

ఫైబర్‌గ్లాస్ కొనే ఉంటే దానిని సీలింగ్ జాయిస్టుల (పై అంతస్తును మోసే దూలాల) మధ్య పెట్టుకోండి. హోమ్ థియేటర్ చప్పుడు పై అంతస్తుకు కొంతవరకు తగ్గుతుంది.