వెలిగొండల కింద గ్రావెల్ సైకిల్: ఒక చలికాలం వాడిన తర్వాత

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పడమటి పల్లెల్లో గ్రావెల్ రోడ్డు అంటే ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. ఎర్ర గ్రావెల్ తోలి, రోలరు తిప్పి, తారు వంతు ఎప్పుడు వస్తుందా అని ఊరివారు ఎదురుచూసే దారిని అక్కడ ఆ పేరుతోనే పిలుస్తారు. అటువంటి దారుల కోసమే తయారైన గ్రావెల్ సైకిల్ అనే రకాన్ని నిరుడు నవంబరులో 92,000 రూపాయలు పెట్టి కొని, మార్చి మొదటి వారం దాకా వెలిగొండల కింద ఆదివారాలన్నీ దాని మీదే గడిపాను. ఈ సమీక్ష ఏ ఒక్క కంపెనీ సైకిలుకూ పరిమితమైనది కాదు. ఆ రకం సైకిలు మన నేల మీద ఎలా నడుస్తుంది, ఏ దారులు దానికి తగినవి అన్నదే ఇందులోని విషయం.

చూడటానికి అది రేసు సైకిల్ లాగే వంపు హ్యాండిల్‌తో ఉంటుంది కాని, టైరు వెడల్పు 40 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, బ్రేకులు డిస్కు బ్రేకులు, గేర్లు ఎత్తు ఎక్కడానికి వీలుగా తేలికవి. రేసు సైకిల్ టైరులో గట్టిగా నింపినట్టు ఇందులో గాలి నింపకూడదు. నా బరువు 68 కిలోలు. గాలి ఒత్తిడి ముందు చక్రానికి 35, వెనుక చక్రానికి 38 పీఎస్ఐ పెట్టినప్పుడు గ్రావెల్ మీది చిన్న చిన్న అలలన్నీ టైరులోనే అణిగిపోయి, నాలుగు గంటలు తొక్కినా చేతులు తిమ్మిరెక్కలేదు. తారు మీద మాత్రం ఇది రేసు సైకిల్ అంత చురుకుగా పోదు. నెల్లూరు నుంచి ఆత్మకూరు దాకా తొక్కుకుంటూ పోవాలన్న ఆలోచనను మొదటి వారంలోనే విడిచిపెట్టి, కారు వెనుక కట్టుకొని పోవడం మొదలుపెట్టాను.

మన ప్రాంతంలో ఈ సైకిలుకు అసలు పరీక్ష కొండ కాదు, ముల్లు. పొలం గట్ల పొడవునా పల్లేరు కాయలు, కాలువ కట్టల పొడవునా సర్కారు తుమ్మ కంప. పల్లేరు కాయ ఎటు పడినా ఒక ముల్లు పైకి చూస్తూనే ఉంటుంది. తుమ్మ ముల్లు టైరులోకి దిగి విరిగి, లోపలే ఉండిపోయి, ట్యూబు మార్చిన తర్వాత కూడా రెండోసారి పొడుస్తుంది. సైకిలుతో వచ్చిన ట్యూబులతో తొలి రోజే మూడుసార్లు గాలి పోయింది. మూడోసారి సోమశిల ఉత్తర కాలువ కట్ట మీద కూర్చొని అతుకు వేస్తుండగా గొర్రెలు తోలుకొస్తున్న పెద్దాయన ఆగి, "కట్ట మీద కంప కొట్టి పడేసుండారు నైనా, దిగువన బండ్లబాట ఉండాది, దాంట్లో పో" అని దారి చూపించాడు. ఆ బండ్లబాటే ఇప్పుడు నాకు ఆ వైపు అన్నిటికంటే ఇష్టమైన దారి.

మరుసటి వారమే ట్యూబులు తీయించి, ట్యూబ్‌లెస్ చేయించి, ఒక్కో చక్రంలో సీలెంటు అనే రబ్బరు పాల లాంటి ద్రవం 60 మిల్లీలీటర్లు పోయించాను. ముల్లు దిగిన చోట ఆ రబ్బరు పాలు బయటికి చిమ్మి, గాలి తగలగానే గడ్డకట్టి రంధ్రాన్ని మూసేస్తాయి. ఫిబ్రవరి చివర టైరు విప్పి చూస్తే లోపలి వైపు పదకొండు ముళ్ళ మొనలు కనిపించాయి. ఆ మధ్యకాలంలో ఒక్కసారి కూడా దారిలో ఆగవలసి రాలేదు. ఈ ఒక్క మార్పు చేయకుండా ఈ ప్రాంతంలో గ్రావెల్ సైకిల్ కొనడం డబ్బు పారేసుకోవడమే అని నా గట్టి అభిప్రాయం. అయితే మన ఎండకు ఆ ద్రవం త్వరగా ఎండిపోతుంది కాబట్టి రెండు నెలలకొకసారి చూసి మళ్ళీ పోసుకోవాలి. ఇంకొక సంగతి: ఈ చక్రాలకు సన్నని ప్రెస్టా వాల్వు ఉంటుంది. పల్లెలోని పంచరు షాపు పంపు గాని, మోటారు సైకిళ్ళకు గాలి కొట్టే కంప్రెసరు గాని దానికి పట్టదు. చిటికెన వేలి గోరంత ఇత్తడి అడాప్టరు ఒకటి జేబులో ఉంటే ఏ ఊళ్ళోనైనా గాలి దొరుకుతుంది, లేకపోతే నడకే.

దారుల విషయానికి వస్తే, వెలిగొండలను చీల్చుకొని పెన్న బయటపడే చోట కట్టిన సోమశిల జలాశయం చుట్టుపక్కల ప్రాంతం కొత్తవారికి తగినది. 78 టీఎంసీల ఆ జలాశయం నుంచి బయలుదేరే కాలువల కట్టలు వాహనాలు దాదాపు లేని దారులు. గంటకొక ట్రాక్టరు, రెండు గంటలకొక గొర్రెల మంద, అంతే రద్దీ. పడమట కొండల వరుస, తూర్పున వరి మళ్ళు, మధ్యలో ఎర్రటి దారి. కట్టకు గోడ ఉండదు, కాలువ లోతైనది, అంచులు జారుతాయి. చీకటి పడ్డాక అక్కడ తొక్కవద్దని నేరుగా చెబుతున్నాను. ఎత్తుపల్లాలు తక్కువ కాబట్టి రెండోసారికి కొంత విసుగు రావచ్చు.

విసుగు రానిది ఉదయగిరి వైపు. 1514లో కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గం ఆ కొండ మీదే ఉంది. కొండ నిట్టనిలువుగా కనిపిస్తుంది కాని, దాని పాదాల చుట్టూ, అక్కడి నుంచి సీతారామపురం వైపు, చెరువు కట్టలనూ మిట్టలనూ కలుపుతూ పోయే బండ్లబాటలు గ్రావెల్ సైకిలుకు కొలిచి కుట్టినట్టు ఉంటాయి. ఒక మిట్ట ఎక్కగానే ఇంకొక మిట్ట, దాని కింద చిన్న చెరువు, దాటితే పలుగురాళ్ళు తేలిన బీడు. ఆ తెల్లని పలుగురాయి అంచు కత్తిలా ఉంటుంది. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, ఫ్లింట్ హిల్స్ అనే గుట్టల్లో 2006 నుంచి జరుగుతున్న పేరున్న గ్రావెల్ పందెంలో చెకుముకి రాళ్ళు టైరు పక్కలు చీల్చేస్తాయని చదివినప్పుడు నాకు ఈ బీడే గుర్తుకొచ్చింది. సీలెంటు ముల్లు కన్నాన్ని మూస్తుంది కాని పక్క చీలికను మూయలేదు. టైరు పక్కలు దళసరిగా ఉన్న రకమే కొనాలి.

ఈ దారుల్లోనే నా సైకిలు లోపాలు కూడా బయటపడ్డాయి. ముందు 48–32, వెనుక 11–32 పళ్ళ గేర్లు దానివి. అన్నిటికంటే తేలిక గేరులో కూడా తొక్కుడు ఒక చుట్టుకు చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. వదులు గ్రావెల్ మీద నిటారు ఎక్కుడులో లేచి నిలబడి తొక్కితే వెనుక చక్రం ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంది, కూర్చొని తొక్కుదామంటే మోకాళ్ళు ఒప్పుకోవు. ముందు 30, వెనుక 34 ఉన్న సైకిలు ఎంచుకొని ఉంటే ఆ మిట్టలన్నీ దిగకుండా ఎక్కగలిగేవాణ్ణి. రెండో లోపం, ఫ్రేముకూ టైరుకూ మధ్య చోటు చాలకపోవడం. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. నల్లరేగడి పాయ ఒకటి అడ్డం వస్తే ఆ బంకమట్టి చక్రాన్ని కదలనీయదు. డిసెంబరులో ఒకసారి ముప్పావు కిలోమీటరు సైకిలును భుజాన వేసుకొని నడిచాను. జనవరి, ఫిబ్రవరి నెలల్లో తడి ఆరి నేల గట్టిపడి, ఎండ ఇంకా ముదరక, ఈ దారులు అత్యుత్తమంగా ఉంటాయి. మార్చి నడిమికి వస్తే ఉదయం తొమ్మిదికల్లా తిరిగి రావాలి.

సీతారామపురం నుంచి ఉత్తరంగా పోయి, నెల్లూరు జిల్లా సరిహద్దు దాటి, ఒకే కొండలో ఎనిమిది గుహాలయాలు తొలిచిన భైరవకోన చేరడం నేను చేసిన అన్నిటికంటే పొడవైన ప్రయాణం. దారిలో ఒక ఊరి హోటల్లో తిన్న పులిబొంగరాలు, ఎర్రకారం తప్ప మధ్యాహ్నం దాకా ఏమీ దొరకలేదు, కాబట్టి నీళ్ళు మూడు లీటర్లైనా వెంట ఉండాలి. వెలిగొండల అడవిలోకి మాత్రం బాట కనిపించింది కదా అని తిరగకూడదు. అది ఎర్రచందనం ఉన్న రక్షిత అడవి. అటవీశాఖ అనుమతి లేకుండా ప్రవేశించడం నేరం.

ఇటలీలోని టస్కనీ కొండల్లో తెల్లని మట్టిదారులకు తారు వేయకుండా కాపాడుకోవాలని 1997లో గయోలె అనే చిన్న ఊరి నుంచి లెరోయికా అనే సైకిల్ యాత్రను మొదలుపెట్టారు. ఆ కోరికను ఉన్నదున్నట్టుగా ఇక్కడికి తెచ్చుకోవడానికి నాకు మనసొప్పదు. ఉదయగిరి అవతల నేను ఎంతో ఇష్టపడ్డ ఆరు కిలోమీటర్ల గ్రావెల్ మీద మార్చి మొదట్లో కంకర పరుస్తుంటే, పక్కన గడ్డిమోపుతో నిలబడి చూస్తున్న ఒకామె, "ఇంక 108 మా ఇంటి ముందరికే వస్తాది నైనా" అని సంతోషంగా చెప్పింది. ఆ దారిని నా పటంలోంచి తీసేసి, దాని పక్కనే చెరువు కట్ట మీదుగా పోయే బండ్లబాటను గుర్తు పెట్టుకున్నాను. అది కిలోమీటరున్నర ఎక్కువ, రెండు చోట్ల సైకిల్ దిగి తూము దాటాలి, పల్లేరు మాత్రం అక్కడ కొంచెం తక్కువ.