హిమాయత్‌నగర్‌లో వేయించుకున్న దవడ పన్ను క్యాప్

హైదరాబాద్‌లో సెరామిక్ క్యాప్ వేసే చాలా దంత వైద్యశాలల్లో మాట మొదలయ్యేది గ్యారంటీ కార్డుతోనే. ఏ కంపెనీ జిర్కోనియా (క్యాప్‌లకు వాడే గట్టి సెరామిక్), పదేళ్లా పదిహేనేళ్లా అన్నదే అందులో ఉంటుంది కానీ, క్యాప్ కూర్చునే పన్నును ఎలా చెక్కారన్న ఊసు ఉండదు. హిమాయత్‌నగర్‌లోని ఒక చిన్న వైద్యశాల గురించి ఇంత శ్రద్ధగా రాయడానికి కారణం, అక్కడి డాక్టరు గారు అధిక సమయం ఆ చెక్కడం గురించే మాట్లాడటం.

నగరంలోనే మరొకచోట నా కింది దవడ పన్నుకు రూట్ కెనాల్ చేసి వేసిన గ్లాస్ సెరామిక్ క్యాప్ కొద్దికాలానికే రెండు ముక్కలైంది. గట్టివి కొరికి ఉంటారని అక్కడ తేల్చేశారు. ఇక్కడి డాక్టరు గారు ఆ ముక్కలను మందం కొలిచే చిన్న పరికరంలో పెట్టి చూశారు. నమిలే వైపు సాధారణంగా 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల మందం ఉండవలసిన ఆ క్యాప్ ఒకచోట 0.7 మాత్రమే ఉంది. పగులు లోపలి తలం నుంచే మొదలైందని భూతద్దంలో చూపించారు. సెరామిక్ నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది, సాగదీతను ఓర్చుకోలేదు. నమిలేటప్పుడు పైతలం నొక్కుకుంటే అడుగు తలం సాగుతుంది. పన్ను మొద్దు (చెక్కాక మిగిలిన పన్ను) పైభాగమూ పక్కగోడా కలిసే చోటును గుండ్రంగా చేయకుండా పదునుగా వదిలేయడంతో ఒత్తిడంతా అక్కడే పోగై, గాటు పెట్టిన చోటే చెరకు గడ విరిగినట్లు, క్యాప్ ఆ గీత వెంబడి చీలింది. కంప్యూటర్‌తో మిల్లింగ్ చేసే క్యాప్‌లకు ఇలాంటి అంచు మరో చిక్కు తెస్తుంది: పనిముట్టు మొనకూ కొంత మందం ఉంటుంది కనుక అంత సన్నని మూలను తొలచలేక, చుట్టూ అవసరానికి మించి తొలిచేస్తుంది, ఆ మేరకు గోడ పలచబడుతుంది.

అలాగని పన్నును ఇంకా తగ్గించేస్తే సరిపోదు. నా పన్ను అసలే పొట్టిది. దవడ పళ్లకు చెక్కిన తర్వాత కూడా సుమారు 4 మిల్లీమీటర్ల ఎత్తు మిగలకపోతే క్యాప్‌కు పట్టు ఉండదు. అందుకే డాక్టరు గారు పదార్థాన్నే జిర్కోనియాకు మార్చారు. లిథియం డైసిలికేట్ అనే గ్లాస్ సెరామిక్ వంపు బలం (వంగేటప్పుడు విరగకుండా ఓర్చుకునే శక్తి) 400 మెగాపాస్కల్స్ ప్రాంతంలో ఉంటే, మామూలు జిర్కోనియాది 1000 ప్రాంతంలో ఉంటుంది కనుక, నమిలే వైపు ఒక మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువ జాగాతోనే పని జరిగింది. ఎదురెదురు గోడల వాలును కూడా స్కానర్ తెరపై చూపించారు. వాలు మరీ ఎక్కువైతే క్యాప్ ఊడుతుంది, మరీ తక్కువైతే పూర్తిగా దిగదు. రెండు గోడలూ కలిపి 10 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలట. నాలుక వైపు కత్తి అంచులా ముగిసిన చిగుళ్ల దగ్గరి గీతను చుట్టూ మెత్తని షాంఫర్‌గా (గుండ్రని వాలు అంచుగా) మార్చి, మూలలన్నీ సన్నని బర్‌తో (తిరిగే చెక్కుడు మొనతో) నునుపు చేసి, మళ్లీ స్కాన్ చేశాకే ల్యాబ్‌కు పంపారు. బహుశా నాకు నచ్చినది ఆ రెండో స్కానే. తొందరలో ఉన్నవారెవరూ దాని జోలికి పోరు.

బిగించే రోజున బైట్ (పై, కింది పళ్లు కలిసే తీరు) ఒకచోట ఎత్తుగా తగిలితే, నీళ్లు పోస్తూ సన్నని డైమండ్ బర్‌తో అరగదీసి, ఆ చోటును మెరిసేదాకా పాలిష్ చేశారు. గరుకుగా వదిలితే పై పన్ను అరుగుతుందని, అరగదీతలో పడిన సూక్ష్మమైన గీతలే తర్వాత పగుళ్లకు మొదలవుతాయని చెప్పారు.

లోపాలు లేకపోలేదు. అపాయింట్‌మెంట్ వేళకు వెళ్లినా చాలాసేపు కూర్చోబెట్టారు, తాత్కాలిక క్యాప్ భోజనం మధ్యలో ఊడింది, సమ్మతి పత్రం ఇంగ్లీషులోనే ఉంది. ఖర్చు నేను విచారించిన మిగతా చోట్లకన్నా కొంత ఎక్కువే. పన్ను మొద్దు స్కాన్ చిత్రాలు మాత్రం అడిగిన వెంటనే వాట్సాప్‌లో పంపారు; మీరు ఎక్కడ వేయించుకున్నా, గ్యారంటీ కార్డుతోపాటు వాటినీ అడిగి తీసుకోండి.