గడప దాటని పిల్లికి ఏది మేలు: మైక్రోచిప్పా, మెడ బెల్టా?

మా పిల్లి ఇంటికి వచ్చిన రోజు నుంచీ గడప దాటి ఎరగదు. అందుకే మొదటి రెండేళ్లు దానికి చిప్, అంటే చర్మం కింద పెట్టే గుర్తింపు నంబరు మైక్రోచిప్, వేయించాలన్న ఆలోచనే రాలేదు. ఒకరోజు బీరువా మోసుకొచ్చేవాళ్ల కోసం తలుపు బార్లా తీసి ఉంచాం. రాత్రి గిన్నెలో తిండి పెట్టింది పెట్టినట్టే ఉంటే గానీ అది ఇంట్లో లేదని తెలియలేదు. తెల్లవారుజామున మెట్ల కింద, పాత అట్టపెట్టెల వెనక దొరికింది. ఎంత పిలిచినా పలకలేదు, టార్చి వెలుగుకి కళ్లు మెరిస్తే చూశాం. ఆ రాత్రంతా నన్ను తొలిచేసిన ప్రశ్న ఒకటే: దాన్ని ఎవరైనా పట్టుకున్నా, అది మాదని వాళ్లకెలా తెలుస్తుంది?

బయట తిరిగే పిల్లికి వీధి తెలుసు, ఇంటిదారి తెలుసు. ఇంట్లోనే పెరిగిన పిల్లికి తన ఇల్లు బయటి నుంచి ఎలా ఉంటుందో కూడా తెలియదు. భయపడితే ఏ మూలో నక్కి నోరు మూసుకుంటుంది. పైగా ఇంట్లోనే ఉంటుంది కదా అని చాలామంది దాని మెడలో ఏమీ కట్టరు. కాబట్టి 'బయటికి వెళ్లదు, చిప్ ఎందుకు' అనే మాట నాకు తలకిందులుగా కనిపిస్తుంది.

మెడ బెల్టుకున్న గొప్ప గుణం, దాన్ని చదవడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. పక్కింటి పిల్లాడు కూడా బిళ్ల మీది నంబరు చూసి ఫోన్ చేయగలడు. చిప్ ఉన్న పిల్లినైతే ఎవరో ఒకరు స్కానర్ ఉన్న చోటికి మోసుకెళ్లాలి. కానీ బెల్టు నిలవాలి కదా. అమెరికాలో 538 పెంపుడు పిల్లులకు బెల్టులు కట్టి, చిప్‌లు కూడా వేసి ఆరు నెలలు గమనించి, ఫలితాలను 2010లో ప్రచురించారు. చివరిదాకా బెల్టు ఉంచుకున్నవి 391. ముందుకాలు బెల్టులో ఇరుక్కోవడమో, బెల్టు దేనికో తగులుకోవడమో, నోట్లో చిక్కుకోవడమో 18 పిల్లులకు జరిగింది. అందుకే గట్టిగా లాగితే దానంతటదే ఊడిపోయే రకమే కట్టాలి. అయితే అది ఊడిన క్షణంలోనే మీ ఫోన్ నంబరూ పోయినట్టే. అదే అధ్యయనం చివర్లో 478 చిప్‌లను స్కాన్ చేస్తే 477 పనిచేశాయి.

చిప్ బియ్యపు గింజంత ఉంటుంది: సుమారు 12 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న గాజు గొట్టం. లోపల బ్యాటరీ ఉండదు. స్కానర్ దగ్గరికి తెచ్చినప్పుడు దాని తరంగాల నుంచే శక్తి తీసుకుని 15 అంకెల నంబరు ఒకటి చెబుతుంది, అంతే. మీ పేరు, చిరునామా అందులో ఉండవు. పిల్లి ఎక్కడుందో కూడా అది చెప్పదు. చిప్ అంటే జీపీఎస్ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ నమ్మకంతో వేయించుకుంటే నిరాశే మిగులుతుంది. జీపీఎస్ పరికరం వేరు, దాన్ని మెడలో కట్టాలి, ఛార్జింగ్ పెట్టాలి. ఏడాదికోసారి పొరపాటున బయటపడే పిల్లికి రోజూ ఆ బరువు మోయించడం నాకు మనసొప్పదు.

నొప్పి సంగతి దాచను. మా పిల్లికి చిప్ వేయించిన రోజు, డాక్టరమ్మ ముందు దాని ఒంట్లో వేరే చిప్ ఏదైనా ఉందేమోనని స్కాన్ చేసి, భుజాల మధ్య చర్మాన్ని రెండు వేళ్లతో పైకి లాగింది. సూది టీకా సూది కంటే లావు, చూడగానే నా గుండె జారింది. పిల్లి ఒక్కసారి చెవులు వెనక్కి వాల్చింది, ఆలోపే అయిపోయింది. మళ్లీ స్కానర్ పెడితే బీప్ అని నంబరు వచ్చింది, కాగితం మీది స్టిక్కర్‌తో అంకె అంకె సరిచూసుకున్నాం. మత్తు అవసరం లేదు. కూన అయితే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ రోజునే వేయిస్తే ఆ కాస్త నొప్పి కూడా తెలియదు. చిప్ కొన్నిసార్లు చర్మం కింద పక్కకు జరుగుతుంది, అందుకే భుజాలు, మెడ, పక్కలు అంతా స్కాన్ చేయాలి. చిప్ ఉన్నచోట కణితి వచ్చిన సందర్భాలు ఉన్నాయి గానీ బహు అరుదు.

అసలు బలహీనత చిప్‌లో కాదు, ఆ నంబరు పక్కన యజమాని పేరు, ఫోన్ నంబరు నమోదు చేసి ఉంచే రిజిస్టర్‌లో ఉంది. అమెరికాలోనే, దిక్కులేని జంతువులను ఉంచే 53 షెల్టర్లలో చేసిన మరో పరిశీలన 2009లో వచ్చింది. వీధిలో దొరికిన పిల్లులన్నిటినీ లెక్కిస్తే యజమాని దగ్గరికి చేరినవి 1.8 శాతం, చిప్ ఉన్నవాటిలో 38.5 శాతం. తేడా పెద్దదే. మరి మిగతావి ఎందుకు చేరలేదు? చిప్ ఉన్నా యజమాని దొరకని జంతువుల విషయంలో ఎక్కువగా కనిపించిన కారణం తప్పు ఫోన్ నంబరు, లేదా పనిచేయని నంబరు. నేనూ ఆ తప్పు చేశాను. ఇల్లు మారి, సిమ్ మార్చి, ఏడాది పాటు పాత నంబరే రిజిస్టర్‌లో ఉంచేశాను. ఆ ఏడాదంతా చిప్ ఉండీ లేనట్టే.

కొన్నిచోట్ల ఇది ఇష్టాయిష్టాల విషయం కాదు. ఇంగ్లండ్‌లో 2024 జూన్ 10 నుంచి 20 వారాలు నిండేలోపు పెంపుడు పిల్లికి చిప్ తప్పనిసరి, ఇంట్లోనే ఉండేవాటికీ మినహాయింపు లేదు. యూరోపియన్ యూనియన్ దేశాలకు పిల్లిని తీసుకెళ్లాలంటే ముందు చిప్, ఆ తర్వాతే రేబిస్ టీకా. వరస తప్పితే ఆ టీకా లెక్కలోకి రాదు.

రెండు పిల్లులున్న ఇంటికి ఇంకో లాభం ఉంది. చిప్‌ను చదివి మూత తెరిచే గిన్నెలు దొరుకుతాయి. ఒకదానికి కిడ్నీ జబ్బు ఉండి ప్రత్యేకమైన తిండి పెట్టాల్సి వస్తే, రెండోది అందులో మూతి పెట్టకుండా కాపలా కాయనక్కర్లేదు.

ఒక్కటే ఎంచుకోమంటే నేను చిప్పే అంటాను. పిల్లి ఓర్చుకుంటే ఊడిపోయే బెల్టు కూడా కట్టండి. బాగా ముసలిదై, నీరసించి ఉంటే మాత్రం డాక్టరును అడిగాకే. తప్పిపోయిన నాడు మాత్రం చిప్‌ను నమ్ముకుని కూర్చోవద్దు. ముందు మెట్ల కింద, వాహనాల కింద, పొదల్లో, పక్కింటి షెడ్డులో టార్చి వేసి వెతకండి. దొరికిన పిల్లుల్లో నాలుగింట మూడు వంతులు 500 మీటర్ల లోపే దొరికాయని 2018లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది.

ఇప్పుడు ఏటా టీకా రోజున మా పిల్లిని స్కాన్ చేయమని అడుగుతాను. తెర మీద 15 అంకెలు కనిపించాక, ఇంటికి రాగానే రిజిస్టర్ తెరిచి నా ఫోన్ నంబరు, మా చెల్లి నంబరు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుంటాను.