లిఫ్ట్ లేకుండా పెద్ద టైర్లు: పాత క్యాంపర్‌తో నాలుగేళ్ళు

మాది కోనసీమ. తోటల్లో దింపు అయ్యాక కొబ్బరికాయలు అంబాజీపేట మార్కెట్‌కి తోలడం నా పని. బండి 2011 మోడల్ బొలెరో క్యాంపర్, వెనక లోడు తొట్టి ఉన్న పికప్. తారు రోడ్డు మీద దానికి తిరుగులేదు, బాధంతా పుంతల్లోనే, అంటే తోటల మధ్య మట్టి దారుల్లో. నాలుగు చినుకులు పడితే ఒండ్రు మట్టి టైరుకి జిగురులా పట్టేసి గాట్లన్నీ మూసేస్తుంది. 2021 వానల్లో రెండుసార్లు ట్రాక్టర్ పెట్టి లాగించుకున్నాక టైర్లు మార్చాను.

లిఫ్ట్, అంటే సస్పెన్షన్ మార్పించి బండిని పైకి లేపడం, మాత్రం వద్దనుకున్నాను. కాయల లోడు అసలే ఎత్తుగా ఉంటుంది, కాలువ గట్టు ఒక పక్కకి వాలి ఉంటుంది. బండి ఇంకా లేస్తే నాకు టెన్షన్. అందుకే బండికి ఉన్న 215/75 ఆర్15 టైర్లు తీసేసి, అదే రిమ్ముల మీద 235/75 ఆర్15 ఆల్ టెర్రైన్ (తారుకీ మట్టికీ పనికొచ్చే లోతు గాట్లవి) వేయించాను. మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో టైరు పక్క గోడ ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ము అంగుళాల్లో.

టైరు ఎత్తు 30 మిల్లీమీటర్లు పెరుగుతుంది. బండి లేచేది అందులో సగమే, 15 మిల్లీమీటర్లు. ఎత్తు కోసమే అయితే ఈ ఖర్చు దండగ. నన్ను గట్టెక్కించింది వెడల్పు, లోతైన గాట్లు. 2022 జూలై వరద తీశాక లంక తోటల్లో మెత్తటి ఒండ్రు మేట వేసింది కదా, ఆ నెలంతా ఒక్కసారి కూడా ట్రాక్టర్‌ని పిలవలేదు. అలాగని కాజ్‌వే మీద నీళ్ళు పారుతుంటే దిగిపోవద్దు. 15 మిల్లీమీటర్లు వరదని ఆపవు.

ఇక పెద్ద టైరు బండికి ఒరుసుకోవడం. షాపులో ఖాళీ బండి మీద స్టీరింగ్ రెండు వైపులా ఆఖరిదాకా తిప్పి చూశాం, ఎక్కడా తగల్లేదు. మూడో రోజు నిండు లోడుతో లాకుల దగ్గర వంతెన దిగి ఎడమకి పూర్తిగా తిప్పాను. ముందు చక్రం దగ్గర బర్రుమని చప్పుడు. దిగి చెయ్యి పెడితే మడ్‌గార్డ్ లోపలి ప్లాస్టిక్ వెనక మూల వెచ్చగా ఉంది, రబ్బరు పొడి వేలికి కాటుకలా అంటుకుంది. ఖాళీ బండి మీద చూసిన పరీక్ష లెక్కలోకి రాదని అప్పుడు తెలిసింది. లోడు ఉండాలి, ఒక ముందు చక్రం గుంతలో దిగి ఉండాలి, స్టీరింగ్ పూర్తిగా తిరిగి ఉండాలి. అప్పుడు తగలకపోతేనే తగలనట్టు.

ఆ ప్లాస్టిక్ మూల రెండు వేళ్ళ మేర కోయించాను, మడ్‌ఫ్లాప్ కాస్త వెనక్కి జరిపించాను, చక్రం ఎంతవరకు తిరగాలో ఆపే స్టీరింగ్ స్టాపర్ బోల్టు కింద ఒక వాషర్ వేయించి ఆ తిప్పు కాస్త తగ్గించాను. చప్పుడు పోయింది. అయితే మా వీధి మలుపు ఇదివరకు ఒక్క తిప్పులో తిరిగే బండి ఇప్పుడు ఒకసారి రివర్స్ అడుగుతోంది. వెనక టైరుకీ కమాన్ కట్టకీ మధ్య వేలు దూరేంత సందే మిగిలింది. అందులో మట్టి ఎండితే రాయిలా టైరుని గీస్తుంది, రోజూ సాయంత్రం పైపు పెట్టి కడుగుతాను.

స్టీరింగ్ బరువెక్కింది. లోడుతో గట్టు ఎక్కేటప్పుడు ఫస్ట్ గేర్లో లాగుడు తగ్గింది. బ్రేకు కాస్త ముందే తొక్కాలి, జాతీయ రహదారి మీద ముందు బండికి ఎక్కువ ఎడం వదులుతున్నాను. ఇదివరకు లీటరుకి 12.5 వచ్చేది, ఇప్పుడు మీటరు లెక్కన 11. చక్రం పెద్దదైతే మీటరు 4 శాతం తక్కువ తిరుగుతుంది కాబట్టి నిజానికి పదకొండున్నర. స్పీడూ అంతే: పాత టైరుతో మీటరు 60 చూపించినప్పటి కంటే ఇప్పుడు అదే 60 దగ్గర బండి రెండున్నర కిలోమీటర్లు ఎక్కువ వేగంతో పోతుంది.

స్టెప్నీ పాతదే ఉంచేసి నాలుగే మార్చేవాళ్ళని చూశాను. చిన్న చక్రం వెనక వేసి దూరం నడిపితే డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలకీ లాగుడు పంచే గేర్ల పెట్టె) ఊరికే అరిగిపోతుంది. ఐదూ ఒకే సైజు తీసుకోండి. కొనేముందు టైరు పక్కన లోడ్ ఇండెక్స్ చదవండి: 100 అంటే టైరుకి 800 కిలోలు, 105 అంటే 925. మన బండి బరువు మోసేది, కంపెనీ టైరు కంటే ఆ అంకె తగ్గకూడదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడాగా బండిని మార్చొద్దంటుంది, కాబట్టి ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గర ముందే అడగండి.

మా బావ తన క్యాంపర్‌కి 31 అంగుళాల ఎత్తు టైర్లు వేస్తానంటే వద్దన్నాను, నావి 29 అంగుళాల లోపే. ఈ సైజుకే మూల కోయాల్సొచ్చింది, లిఫ్ట్ లేకుండా అంతకన్నా పెద్దది ఇందులో ఇమడదు.

58 వేల కిలోమీటర్లు తిరిగాయి. గాట్లు ఇంకా 4 మిల్లీమీటర్లు ఉన్నాయి, తారు రోడ్డుకి చాలు, పుంతకి చాలవు. వానలు పడేలోపు కొత్తవి వేయిస్తున్నాను, ఇదే సైజు.